పక్కనే ఇంకో మసాజ్ సెంటర్ తెరిస్తే

ఎదుటివాళ్లు తక్కువ రేటు బోర్డు పెట్టారని మీరూ వెంటనే తగ్గించేయకండి. ముందు లెక్క వేయండి. గంటకు 600 తీసుకుంటున్నారనుకుందాం. ఒళ్లంతా మర్దనకు 70 మిల్లీలీటర్ల దాకా నువ్వుల నూనె పడుతుంది. నూనె, దుప్పట్ల ఉతుకు, కరెంటు, అద్దె కలిపి 150 పోతే చేతికి 450 మిగులుతుంది. రేటు 400 చేస్తే మిగిలేది 250. ఇదివరకు 4 మసాజ్‌లకు వచ్చిన డబ్బు రావాలంటే ఇప్పుడు 7 చేసినా చాలదు. రోజూ అన్ని చేస్తే ముందు దెబ్బతినేది మీ బొటనవేళ్ల కీళ్లే.

అంతకంటే, ఎవరి నొప్పి ఏమిటో చూసి పని మలచండి. ఒడిశాలోని బరంపురంలో పట్టు మగ్గం మీద కూర్చునేవాళ్లకు మెడ, భుజాలు, నడుము పట్టేస్తాయి. వాళ్లకు ఆ చోట్లకే 30 నిమిషాల మర్దన విడి రేటుకు పెట్టండి. రాయగడ దగ్గర జేకేపూర్ కాగితం మిల్లు వాళ్లకైతే షిఫ్టు దిగే వేళకు తలుపు తెరిచి ఉండాలి. రేట్ల బోర్డు తెలుగుతోపాటు ఒడియాలోనూ రాయించండి. ఒత్తిడి పెంచే ముందు "కొష్టొ హేఉఛి కి?" (నొప్పిగా ఉందా?) అని అడగండి. నొప్పి ఉన్నా మొహమాటానికి ఓర్చుకునేవాళ్లు చాలామంది.

కస్టమర్ మళ్లీ రాకపోవడానికి ఒక కారణం తువ్వాళ్లకు పట్టిన పాత నూనె కంపు. చన్నీళ్లలో జాడిస్తే నూనె దారాల్లోనే ఉండి చెడిపోతుంది. అదేరోజు బాగా వేడినీళ్లలో సర్ఫు, బట్టల సోడా వేసి అరగంట నానబెట్టి ఉతకాలి. డ్రయ్యర్‌లోంచి తీసిన తువ్వాళ్లను వేడిమీద కుప్పపోయొద్దు. నూనె మిగిలి ఉంటే లోపల వేడి పెరిగి వాటంతటవే అంటుకోవచ్చు.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ముట్టుకోకండి. రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉంటే, మర్దనకు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. రూపాయి తీసుకోకుండా వెంటనే ఆసుపత్రికి పంపండి. షుగరు ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, నూనె వేడి మీ మణికట్టు మీద చూసుకోండి.

పోటీ సెంటర్‌తోనూ మాట్లాడండి. మీ దగ్గర మగవాళ్లే పనిచేస్తుంటే, ఆడవాళ్లను అక్కడి అక్కయ్యకు పంపండి. బదులుగా ఆమె చేయని గట్టి మర్దనలు మీకు పంపమనండి. కమీషన్ ఉంటుందో లేదో మొదటిరోజే తేల్చుకోండి.