జెట్ స్కీ హల్: మొదటి పొర దగ్గరే అసలు పని

ఫైబర్‌గ్లాస్‌తో హల్ (జెట్ స్కీ అడుగు భాగం) చేసేముందు హుడ్ లాంటి చిన్న భాగం ఒకటి చేసి చూడండి. రెజిన్ (గాజు పోగుల్ని పట్టి ఉంచే ద్రవ ప్లాస్టిక్) ఎంతసేపటికి గట్టిపడుతుందో చేతికి తెలుస్తుంది.

కొత్త మోల్డ్‌కి (అచ్చుకి) వ్యాక్స్ 5, 6 సార్లు పట్టించి, ప్రతిసారీ ఆరనిచ్చి తుడవాలి. పైన పీవీఏ (ఆరాక పొరలా ఊడివచ్చే ద్రవం) పలుచగా. ఇక్కడ బద్ధకిస్తే హల్ మోల్డ్‌ని వదలదు, లాగితే రెండూ పోతాయి.

జెల్‌కోట్ (హల్ బయటికి కనిపించే రంగు పొర) తడి మందం 0.5 మి.మీ. ఉండాలి, కిలోకి సుమారు 20 గ్రాముల హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం). పలుచగా పడిన చోట సరిగ్గా గట్టిపడదు. పైన వేసే రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం దాన్ని ఉబ్బించి మొసలి చర్మంలా ముడతలు తెస్తుంది. తాకితే జిగటగా ఉన్నా వేలికి రంగు అంటకపోతే తర్వాతి పొరకి అదే అదను.

మొదటి పొరగా చదరపు మీటరుకి 300 గ్రాముల మ్యాట్ (తరిగిన గాజు పోగుల చాప) ఒక్కటే, వినైల్ ఎస్టర్ రెజిన్‌తో. మ్యాట్ బరువుకి రెట్టింపు రెజిన్ చాలు. పదునైన మూలల్లోకి మ్యాట్ వంగదు, వెనక గాలి మిగులుతుంది. తరిగిన ఫైబర్ కలిపిన రెజిన్ ముద్దతో ముందే పూడ్చండి. గాడులున్న రోలర్‌తో తెల్ల మచ్చలన్నీ పోయేదాకా నొక్కాలి. గాలి మిగిలితే అలల దెబ్బకి జెల్‌కోట్ అక్కడే పెచ్చులూడుతుంది.

అది గట్టిపడ్డాక మ్యాట్, నేసిన రోవింగ్ (మందపు గాజు పోగుల బట్ట) మార్చి మార్చి వేయండి. ఒక్కసారే మందంగా పేరిస్తే వేడెక్కి వంకర పోతుంది. అడుగున ఫోమ్ కోర్ (పొరల మధ్య పెట్టే ఫోమ్) మంచిదే, బోల్టులు దిగే చోట మాత్రం వద్దు, బిగిస్తే నలుగుతుంది.

హార్డెనర్‌ని కోబాల్ట్‌తో (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవంతో) నేరుగా కలపకూడదు, పేలుతుంది. రక్షణ కళ్లద్దాలు, రసాయన ఆవిరిని ఆపే మాస్క్ తప్పనిసరి.