పిల్లలు ఖర్రా మొదలుపెట్టకుండా ప్రోగ్రాం చేయాలా? ముందు లాజిక్ మోడల్ గీయండి

ఖర్రా (వక్క, పొగాకు, సున్నం కలిపి నమిలేది) లాంటి వ్యసనాల మీద ఏదైనా చేద్దామని నలుగురు కూర్చుంటే మన సిరోంచ (మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా) వైపు మొదట వచ్చే మాట ర్యాలీ. తర్వాత ఫ్లెక్సీ, ప్రతిజ్ఞ, ఆఖర్న ఒక గ్రూప్ ఫోటో. చేయొద్దనడం లేదు గానీ, ర్యాలీ అయిపోయాక ఎవరి అలవాటు ఎలా మారాలి అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. ఆ జవాబును ముందే కాగితం మీద రాయించేదే లాజిక్ మోడల్. పేరు చూసి టెన్షన్ పడకండి, ఒక చార్టు, పెన్సిలు, రబ్బరు చాలు. రబ్బరు మాత్రం మర్చిపోవద్దు.

చార్టును అడ్డంగా పరిచి ఐదు గడులు గీయండి. ఎడమ నుంచి వరుసగా: మన దగ్గర ఏమున్నాయి (మనుషులు, డబ్బు, చోటు), ఏం చేస్తాం, ఎంత చేశామో లెక్క, కొన్ని నెలల్లో ఏం మారాలి, కొన్నేళ్ళకు ఏం మారాలి. చదివేటప్పుడు ఎడమ నుంచే చదువుతాం. నింపడం మాత్రం కుడి చివర నుంచి మొదలుపెట్టండి. ఎడమ నుంచి మొదలుపెడితే చేతికి అలవాటైన పనులన్నీ రాసేసి, తర్వాత వాటికి తగ్గ ఫలితం కల్పించుకుంటాం.

కుడి చివర ‘మత్తు లేని గ్రామం’ అని రాయకండి, దాన్ని ఎవరూ కొలవలేరు. ‘ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్లో కొత్తగా ఖర్రా మొదలుపెట్టేవాళ్ళు తగ్గాలి’ అని రాస్తే ఎవరు, ఏ పదార్థం, ఏం మారాలి అన్నీ వచ్చేస్తాయి. ఖర్రా, ఇప్ప సారా, కల్లు అన్నీ ఒకే చార్టులో కుక్కొద్దు, ఒక్కోదానికి కారణాలు వేరు.

ఇప్పుడు పెన్సిలు పక్కన పెట్టి ఊళ్ళోకి వెళ్ళండి. పిల్లలు ఎందుకు మొదలుపెడుతున్నారో పిల్లల్నే అడగండి, తల్లుల్ని, ఆశా వర్కర్‌ని, పాన్‌ఠేలా (ఖర్రా, పాన్ అమ్మే బడ్డీ) ఆయన్ని కూడా అడగండి, ఆయనకు తెలిసినంత టీచర్‌కి తెలియదు. ఇలాంటి మాటలు వినపడొచ్చు: పెద్దవాళ్ళే ‘ఒక ఖర్రా పట్రా’ అని పిల్లాడిని పంపుతారు, ఇంట్లో అందరూ నములుతారు, వేసవి సెలవుల్లో పనీ ఆటా ఉండదు, తంబాకు (పొగాకు) తీసేసి వక్క ఒక్కటే నమిలితే ఏం కాదనుకుంటారు. (నిజానికి వక్క ఒక్కటే చాలు క్యాన్సర్ తేవడానికి, నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోవడానికీ అదే కారణం.) పిల్లల్ని కాపాడుతున్నవి కూడా రాసుకోండి: అడిగే పెద్ద మనిషి ఒకరు ఇంట్లో ఉండటం, బడి మీద ఇష్టం, సాయంత్రం కబడ్డీ. మీరు పెట్టే ప్రతి పనీ వీటిలో ఏదో ఒక కారణాన్ని తగ్గించాలి, లేదా ఏదో ఒక రక్షణను పెంచాలి. దేన్నీ తాకని పని ఎంత బాగున్నా కొట్టేయండి.

ఇక్కడే చాలామందికి ఇష్టమైన పని ఎగిరిపోతుంది. కుళ్ళిన నోళ్ళ ఫోటోలు చూపించి భయపెట్టే ఒక్కరోజు ఉపన్యాసం, మానేసినవాళ్ళతో అనుభవాలు చెప్పించడం, ఇవి పెద్దగా పనిచేయవని ఐక్యరాజ్యసమితి నివారణ ప్రమాణాల్లోనే ఉంది. పనిచేసేవి కాస్త శ్రమతో కూడినవి: స్నేహితుడు ఇస్తే వద్దనడం ఎలాగో పిల్లలతో మాట్లాడిస్తూ, ఆడిస్తూ వారం వారం నడిపే క్లాసులు, తల్లిదండ్రులతో కూర్చోవడం, అమ్మకం దగ్గర కట్టడి. కట్టడికి చట్టం మన వైపే ఉంది. 18 ఏళ్ళలోపు వాళ్ళకు పొగాకు అమ్మడం, బడికి 100 గజాల లోపు అమ్మడం 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం నేరం, పిల్లల చేతికి పొగాకు ఇస్తే 2015 బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్ని అదుపు చేసే అధికారం పేసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభకు ఇచ్చింది. అయినా మొదటి రోజే పోలీసుల్ని తీసుకెళ్ళకండి, ముందు బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్ళు ఠేలా దగ్గర మాట్లాడితే పని నెమ్మదిగా అయినా నిలబడుతుంది.

వరుస పూర్తయ్యాక గట్టిగా చదవండి: ‘ఆడవాళ్ళు మాట్లాడితే ఠేలా ఆయన పిల్లలకు ఇవ్వడు, ఇవ్వకపోతే పెద్దవాళ్ళు పిల్లల్ని పంపరు, పంపకపోతే పిల్లల చేతికి ఖర్రా తగలడం తగ్గుతుంది.’ ఎక్కడ గొంతు తడబడితే అక్కడ కంత ఉన్నట్టు. ఠేలా ఆయన ఎందుకు ఒప్పుకుంటాడు? పక్క ఠేలా సంగతేంటి? మీరు నమ్ముతున్నవి చార్టు కింద రాసుకోండి. మనకైతే ఒకటి తప్పకుండా రాయాలి: పిల్లలు బళ్ళో మరాఠీలో చదువుతారు, ఇంట్లో మాట తెలుగు. మరాఠీ కరపత్రం పిల్లాడి సంచిలో ఇంటికి వెళ్ళినంత మాత్రాన తల్లికి చేరినట్టు కాదు.

మీ చేతిలో లేనివి ఇంకో మూల రాయండి. గడ్చిరోలిలో మద్యనిషేధం 1993 నుంచీ ఉంది, పక్కనున్న చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు, గోదావరి వంతెన దాటితే తెలంగాణ. మీ చార్టు సారా మీదైతే ‘సరఫరా ఆగుతుంది’ అని ఫలితం గడిలో రాయడం దండగ, అది మీ ఊరి కమిటీ వల్ల అయ్యేది కాదు.

ఎక్కువమంది జారేది కొలత దగ్గర. 60 మంది తల్లులు వచ్చారన్నది మూడో గడిలో లెక్క, అంతే. నాలుగో గడికి కావాల్సింది పిల్లాడిని ఖర్రాకు పంపడం ఆగిందా లేదా అన్నది. అందుకే ఏ పనీ మొదలవకముందే పిల్లల చేత పేర్లు లేని చీటీలు రాయించండి: గత నెలలో నమిలావా, ఎవరైనా తెమ్మని పంపారా. ఆరు నెలలకు అవే ప్రశ్నలు, అవే మాటల్లో. చీటీలు క్లాస్ టీచర్ చేత తీయించొద్దు, అందరూ ‘లేదు’ అనే రాస్తారు. బడి వదిలే వేళకు ఠేలా దగ్గర ఎందరు పిల్లలు నిలబడ్డారో వారానికోసారి లెక్కపెట్టినా బాగా పనికొస్తుంది, ఖర్చూ లేదు. ఏడాదిలో నోటి క్యాన్సర్ తగ్గిస్తామని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇప్పటికే నమిలేవాళ్ళు కనపడితే వాళ్ళను ఈ చార్టులో ఇరికించొద్దు, అది చికిత్స. పొగాకు మానడానికి 1800-11-2356, మద్యం, ఇతర మత్తులకు 14446 నంబర్లు ఇచ్చి, నోరు బిగుసుకుపోతున్నవాళ్ళను పీహెచ్‌సీకి పంపండి. చార్టును పంచాయతీ గోడకు అంటించి మూడు నెలలకోసారి ఎర్ర పెన్ను తీసుకుని కూర్చోండి, జరగని పనిని కొట్టేయండి, జరిగినా పిల్లల సంఖ్య కదలకపోతే మీరు రాసుకున్న కారణం మీదే అనుమానపడి మళ్ళీ ఊళ్ళో అడగండి.