కథల ఇంగ్లీషు, 6వ పాఠం: అక్కడ భయం ‘వేయదు’

పోయిన పాఠంలో కోపం గురించి చెప్పుకున్నాం, చివర్లో ఇచ్చిన వాక్యాలు రాసి చూసుకున్నారనే అనుకుంటున్నాను. రాయకపోయినా పర్లేదు, ఇది చదవొచ్చు. కానీ ఈసారి పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి, ఊరికే చదివేసి వదిలేస్తే రేపటికి ఒక్క ముక్కా గుర్తుండదు.

ముందు మన వాక్యాన్నే ఒకసారి విప్పి చూద్దాం. “నాకు భయం వేసింది.” ఇందులో పని చేస్తున్నది నేను కాదు, భయం. ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు అది కూడా ఎక్కణ్ణించో వచ్చి నాకు వేస్తుంది. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించితే తేలిపోతుంది. ఇంటర్‌లో ఉండగా నేనొక కథ రాసి అందులో “ఫియర్ కేమ్ టు మి” అని పెట్టాను. మా లెక్చరర్ దాని కింద ఎర్ర గీత గీసి, “దేంట్లో వచ్చింది, బస్సులోనా ఆటోలోనా?” అని రాశారు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ ఆయన పట్టుకున్నది అసలు పాయింటు. ఇంగ్లీషులో మామూలుగా మనిషే భయంలో ఉంటాడు, అంటే “ఐ వాజ్ స్కేర్డ్”. లేకపోతే భయపెట్టిన వస్తువే నేరుగా పని చేస్తుంది, “ద నాయిజ్ స్కేర్డ్ మి”. భయాన్నే కర్తగా పెట్టి “ఫియర్ గ్రిప్డ్ హిమ్” అనడం కూడా ఉంది, తప్పు కాదు, కాకపోతే చదివితే పేపర్లో హెడ్డింగులా ఉంటుంది. “ఐ యామ్ ఫియరింగ్” మాత్రం ఇవాళే మర్చిపోండి.

స్కేర్డ్ మాటల్లో ఎక్కువ వినబడుతుంది, పిల్లలు కూడా అదే అంటారు. ఫ్రైటెన్డ్ కాస్త రాతలో కనబడే మాట. అఫ్రెయిడ్‌తో ఒక చిక్కుంది, అది పేరు ముందు కూర్చోదు. “ద బాయ్ వాజ్ అఫ్రెయిడ్” సరే, “ఏన్ అఫ్రెయిడ్ బాయ్” అనరు. అక్కడ “ఎ ఫ్రైటెన్డ్ బాయ్” అనాలి.

అఫ్రెయిడ్ పక్కన వచ్చే చిన్న మాటతో కథే మారిపోతుంది, ఇక్కడ కాసేపు ఆగుదాం. “షి వాజ్ అఫ్రెయిడ్ ఆఫ్ హర్ సన్” అంటే ఆవిడకి కొడుకంటే భయం, వాడు తాగొచ్చి కొడతాడేమో, అరుస్తాడేమో. “షి వాజ్ అఫ్రెయిడ్ ఫర్ హర్ సన్” అంటే కొడుక్కి ఏమవుతుందోనని భయం. ఆఫ్ పెడితే కొడుకు విలన్, ఫర్ పెడితే ఆవిడ తల్లి. మనం తెలుగులో “కొడుకంటే”, “కొడుకు గురించి” అని ఎంత తేలిగ్గా విడదీస్తామో వాళ్ళు ఆఫ్, ఫర్‌లతో అంత తేలిగ్గా విడదీస్తారు, కానీ మనవాళ్ళు ఇంగ్లీషులో రాసిన కథల్లో ఈ రెండూ తారుమారవడం నేను చాలాసార్లు చూశాను. ఇంకో జత కూడా చూడండి. “అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్” అంటే పడిపోతానేమోనని భయం. “అఫ్రెయిడ్ టు జంప్” అంటే దూకడానికి ధైర్యం చాలక దూకకపోవడం. మొదటిది తన చేతిలో లేని సంగతి, రెండోది తను చేయాల్సిన పని.

డాక్టరు ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి “ఐ యామ్ అఫ్రెయిడ్...” అని మొదలుపెడితే ఆయన భయపడుతున్నాడని కాదు. చెడ్డ కబురు వస్తోందని. రిసెప్షన్‌లో కూర్చున్నావిడ “ఐ యామ్ అఫ్రెయిడ్ హి ఈజ్ నాట్ ఇన్” అన్నా అంతే, “ఆయన లేరండీ” అని మర్యాదగా చెప్పడం. కథలో ఈ రెండు ముక్కలూ చెప్పించి అక్కడ చుక్కలు పెట్టేస్తే చాలు, వాళ్ళ పాఠకుడికి అర్థమైపోతుంది.

ఇక టెన్షన్. మనకిది తెలుగు మాటే అయిపోయింది, పరీక్షకీ టెన్షనే, పెళ్ళికీ టెన్షనే, రైలు లేటైనా టెన్షనే. కానీ “ఐ యామ్ గెటింగ్ టెన్షన్” అంటే ఇంగ్లీషువాడు తికమకపడతాడు. వాళ్ళ టెన్షన్ ఎక్కువగా ఇద్దరి మధ్యనో, గదిలోనో, లాగి కట్టిన తీగలోనో ఉంటుంది. మనిషి మటుకు “నర్వస్”, “వరీడ్”, “స్ట్రెస్డ్”. ఇంటర్వ్యూకి ముందు నర్వస్, కూతురు ఇంకా ఇల్లు చేరకపోతే వరీడ్, నెల రోజులుగా నిద్ర లేకుండా పనిచేస్తుంటే స్ట్రెస్డ్.

వరీ అనే మాటకి ఒక తమాషా చరిత్ర ఉంది. పాత ఇంగ్లీషులో దాని మూలానికి అర్థం గొంతు నులమడం. తర్వాత కుక్క గొర్రె మెడ పట్టుకుని కుదిపేయడానికి వాడారు. ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది, బ్రిటన్‌లో పశువుల రక్షణకి 1953లో చేసిన కుక్కల చట్టంలో కుక్క గొర్రెల్ని ‘వరీ’ చేస్తే నేరమని ఈ మాటే వాడారు. మనసుకి సంబంధించిన దిగులు అన్న అర్థం చాలా తర్వాత వచ్చి చేరింది. మనం “దిగులు పీక్కు తింటోంది” అంటాం కదా, దాదాపు అదే బొమ్మ. అందుకే “ద సైలెన్స్ వరీడ్ హర్” లాంటి వాక్యం బాగా పండుతుంది, అక్కడ ఆ నిశ్శబ్దమే ఆవిణ్ణి పట్టి కుదుపుతోంది. మన బెంగకి మాత్రం వాళ్ళ దగ్గర సరైన మాట లేదు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

ఇప్పుడు ఒంటి సంగతి. మనకి గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి, ముచ్చెమటలు పోస్తాయి, పై ప్రాణాలు పైనే పోతాయి. వాళ్ళకి గుండె నోట్లోకి వస్తుంది, రక్తం చల్లబడుతుంది, మొహం దుప్పటిలా తెల్లబోతుంది. వీటిలో కొన్ని మనవాటిలాగే కనబడి ముంచుతాయి. “హిజ్ హార్ట్ సాంక్” చూసి “గుండె జారిపోయింది” అనేసుకుంటాం, కానీ అది భయం కన్నా నీరుకారిపోవడం, రిజల్ట్స్‌లో తన నంబరు లేదని చూసినప్పటి సంగతి. “కోల్డ్ ఫీట్” అంటే కాళ్ళు చల్లబడటం కాదు, పెళ్ళి రేపనగా వద్దనిపించడం. పొట్టలో సీతాకోకచిలుకలు స్టేజీ ఎక్కబోయేవాడికి ఎగురుతాయి, దెయ్యాన్ని చూసినవాడికి కాదు.

నా మటుకు నేనైతే ఈ అరిగిపోయిన మాటలు కథకి ఒకటి మించి వాడను. క్రియలే నయం. “ఫ్రోజ్” అంటే కొయ్యబారిపోయాడు. “ఫ్లించ్డ్” అంటే దెబ్బ పడబోతుంటే చటుక్కున ముడుచుకున్నాడు. “షడర్డ్” అంటే ఒక్కసారి ఒళ్ళు జలదరించింది, అందులో కాస్త అసహ్యం కూడా కలిసి ఉండొచ్చు. “ట్రెంబుల్డ్” అంటే ఆగకుండా సన్నగా వణకడం, చేతులకీ గొంతుకీ బాగా నప్పుతుంది. భయం అనే మాట ఎక్కడా రాయకుండా “హిజ్ హ్యాండ్ ట్రెంబుల్డ్ ఆన్ ద లాచ్” అని గడియ మీద చేతిని చూపించి వదిలేయండి.

చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మన ‘ఏమో’. రాత్రి పదకొండవుతోంది, బైక్ మీద వెళ్ళిన కొడుకు రాలేదు. తల్లి మనసులో “ఎక్కడున్నాడో, బండి మీంచి పడ్డాడేమో, ఫోన్ ఎందుకు ఎత్తట్లేదో” అని నడుస్తుంది. మన దిగులంతా ఆ మాటల తోకల్లో ఉంది. ఇంగ్లీషులో మాటకి ఆ తోక లేదు, ఆ పని “వాట్ ఇఫ్”, “మైట్ హ్యావ్” అనేవి చేస్తాయి. “వేర్ వాజ్ హి? ఇట్ వాజ్ నియర్లీ ఎలెవెన్. వాట్ ఇఫ్ హి హ్యాడ్ కమ్ ఆఫ్ ద బైక్?” ఇక్కడ “అని ఆమె అనుకుంది” అన్న ముక్క లేదు, కొటేషన్లూ లేవు. ప్రశ్నలన్నీ ఆవిడవే, కానీ కాలం భూతకాలం, ‘ఐ’ అనే మాటే రాదు. మన ‘అని’ అలవాటు కొద్దీ ప్రతి ప్రశ్నకీ “షి థాట్” తగిలించామంటే దిగులు కాస్తా రిపోర్టు అయిపోతుంది. ఇంకోటి, మనం దిగుల్ని ఒకే పొడుగు వాక్యంలో గుక్క తిప్పుకోకుండా చెప్తాం, వాళ్ళు ఎక్కువగా తుంచి తుంచి చెప్తారు.

అభ్యాసం. కింది మూడూ ఇంగ్లీషులో రాయండి, ఫియర్ అనే మాట రాకూడదు. ఒకటి, నాన్నంటే భయపడే పిల్లాడు తలుపు దగ్గర నిలబడ్డాడు. రెండు, నాన్నకి ఏమైందోనని భయపడుతున్న పిల్లాడు అదే తలుపు దగ్గర నిలబడ్డాడు. మూడు, తాళం వేశానో లేదోనని రైలెక్కాక గుర్తొచ్చింది, ఎవరైనా దూరారేమో. మూడోదానికి ‘షి థాట్’ వాడితే మార్కుల్లేవు. జవాబులు 7వ పాఠం మొదట్లో ఇస్తాను, అందులో సిగ్గు గురించి చెప్పుకుందాం.