ప్లేనార్ స్పీకర్లు: ముందు చోటు, ఆ తర్వాతే మార్పులు

ప్లేనార్ స్పీకర్లకు పెట్టె ఉండదు. పలుచని పొర కదిలి ముందుకూ వెనక్కూ ధ్వనిని పంపుతుంది కాబట్టి, వెనుక గోడకు సుమారు ఒక మీటరైనా దూరం వదలకపోతే ఎంత ఖరీదైన ఆంప్లిఫయర్ పెట్టినా శబ్దం మసకబారుతుంది. బాగా తెలిసిన ఒకే పాటను వింటూ, స్పీకర్లను అంగుళం చొప్పున జరుపుతూ, గాయకుడి గొంతు రెండింటి నడుమ స్పష్టంగా నిలిచిన చోట నేల మీద టేపు అంటించండి.

మాగ్నెపాన్ కంపెనీ స్పీకర్ల వంటి అయస్కాంత రకాలు ఆంప్లిఫయర్‌కు సాధారణంగా 4 ఓముల లోడు (విద్యుత్ నిరోధం), సున్నితత్వం (ఇచ్చిన శక్తికి వచ్చే శబ్దం) కూడా తక్కువే; అందువల్ల 8 ఓముల వద్ద ఇచ్చే వాట్లు 4 ఓముల వద్ద దాదాపు రెట్టింపయ్యే ఆంప్లిఫయర్‌ను ఎంచుకోవాలి. పొరను అధిక వోల్టేజి ఛార్జితో కదిలించే ఎలక్ట్రోస్టాటిక్ రకాలకు, 1957 నాటి క్వాడ్ కంపెనీ స్పీకర్ మొదలుకొని, సాధారణంగా కరెంటు ప్లగ్గు కూడా కావాలి. దుమ్ము తీసే ముందు దానిని ఊడదీసి, ఛార్జి పూర్తిగా తగ్గేదాకా ఆగాలి.

పాత అయస్కాంత రకాలు కొనేటప్పుడు, గుడ్డ వెనుక గరగర వినిపిస్తే పొర మీది తీగకు జిగురు ఊడిందేమోనని అనుమానించాలి. మార్పులలో నా ఓటు మొదట ఊగని గట్టి స్టాండ్లకే. ట్వీటర్ (హెచ్చు స్థాయి ధ్వనులు పలికే భాగం) మరీ పదునుగా ఉంటే, తయారీదారు సూచించిన విలువ గల రెసిస్టరును సిరీస్‌లో కలపవచ్చు. క్రాసోవర్ (ధ్వనిని హెచ్చు, తగ్గు స్థాయిలుగా విడదీసే సర్క్యూట్) కెపాసిటర్ల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. కేబుళ్లది చివరి వరుస.