లీన్ పెట్టినా ప్లాంట్ మారడం లేదా? ఎక్కడ పట్టేసిందో ఇలా చూసుకోండి

భీమవరం చుట్టూ ఉన్న రొయ్యల ప్లాంటైనా, తణుకు, మండపేట వైపు రైస్ మిల్లైనా, లీన్ (వృథా తగ్గించి పని సాఫీగా నడిపే టయోటా తరహా పద్ధతి) అనగానే ముందు జరిగేది ఒకటే. కన్సల్టెంట్ వస్తాడు, నేల మీద పసుపు గీతలు పడతాయి, గోడకి బోర్డులు ఎక్కుతాయి. కొన్నాళ్ళకి గీతలు చెరిగిపోతాయి, బోర్డు మీద పాత తేదీ అలాగే ఉండిపోతుంది. టయోటా 2001లో తన పద్ధతిని కాగితం మీద పెట్టినప్పుడు రెండే స్తంభాలు చెప్పింది: ఆగకుండా మెరుగుపరచడం ఒకటి, మనుషుల్ని గౌరవించడం రెండోది. మనవాళ్ళు మొదటిది కొనుక్కొచ్చుకుని రెండోది అక్కడే వదిలేస్తారు. కింద చెప్పిన తిప్పలన్నీ దాదాపు అందులోంచి వచ్చినవే.

బోర్డు మీద అంతా ఆకుపచ్చే (అంతా బాగుందని గుర్తు), సరుకు మాత్రం వెనక్కి వస్తోంది

ఎందుకు: చెడు కబురు చెప్పినవాళ్ళకే తిట్లు పడుతున్నాయి కాబట్టి. పీలింగ్ బల్ల దగ్గరున్న ఆవిడకి లాట్ తేడాగా ఉందని అందరికంటే ముందు తెలుస్తుంది. నల్లమచ్చలు కనబడతాయి, పెంకు మెత్తగా తగులుతుంది, వాసన మారుతుంది. కానీ ఆవిడకి కూలి కిలో లెక్కన. చెయ్యి ఆపి సూపర్‌వైజర్‌ని పిలిస్తే ఆ పావుగంట కూలి పోయినట్టే, పైగా "పని ఎగ్గొట్టడానికి వంక" అన్న మాట కూడా పడాలి. పక్కావిడ "మనకెందుకే అక్కా, వాళ్ళే చూసుకుంటార్లే" అంటుంది, లాట్ ముందుకి వెళ్ళిపోతుంది. ఆవిడ తప్పేముంది ఇందులో?

టయోటాకి మూలపురుషుడు సకిచి టయోడా 1924లో తెచ్చిన మగ్గం, దారం తెగితే దానంతటదే ఆగిపోయేది. ఆ ఆలోచనే తర్వాత కార్ల లైన్ మీద తాడుగా వేలాడింది. తేడా కనిపిస్తే పనివాడు తాడు లాగుతాడు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, బండి తర్వాతి గీత దగ్గరికి చేరేలోపు సర్దుకోకపోతేనే లైన్ ఆగుతుంది. తాడు లాగినందుకు ఎవరికీ జీతం కోత లేదు.

ఏం చెయ్యాలి: తేడా చూపించి పని ఆపిన టైముకి గంట లెక్కన కూలి కట్టండి. ఇది చెయ్యకుండా "క్వాలిటీ మనందరి బాధ్యత" అని బ్యానర్ కట్టడం గుడ్డ దండగ. మనుషుల్ని తెచ్చే మేస్త్రికి కూడా ఈ సంగతి మీరే చెప్పాలి, లేకపోతే మీ వెనక అతను తిడతాడు. ఇక సూపర్‌వైజర్ నోటి వెంట వచ్చే మొదటి మాట "ఎవరు చేశారు" కాకుండా "ఏమైంది, చూపించమ్మా" అయ్యేదాకా వెంటపడండి. ఇది నెల రోజుల్లో తెమిలే పని కాదు.

"మా వాళ్ళు ఇంతేనండి, మారరు" అంటారా? కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్లాంట్‌ని జనరల్ మోటార్స్ 1982లో మూసేసింది. పనికి రారు, వచ్చినా గొడవలే అని దానికి పేరు. 1984లో టయోటాతో కలిసి నుమ్మి అని మళ్ళీ తెరిచారు. తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పాతవాళ్ళే, యూనియన్ కూడా అదే, కార్లు మాత్రం జీఎం మిగతా ప్లాంట్ల కంటే మేలుగా వచ్చాయి.

అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోంది

ఎందుకు: "ఐదుసార్లు ఎందుకు" అడగమంటే, రెండోసారికే "లేబర్ నిర్లక్ష్యం" దగ్గర ఆగిపోతున్నారు. మనిషి పేరు దొరికితే విచారణ అయిపోయినట్టు లెక్క.

మిల్లు సంగతే చూద్దాం. నూక పెరిగింది. ఎందుకు? ఒకే గుట్టలో తడి ధాన్యం, ఎండిన ధాన్యం కలిసిపోయాయి (ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటారు, మరకి మాత్రం 14 దగ్గర ఉంటేనే సుఖం). ఎందుకు కలిశాయి? రాత్రి వచ్చిన లారీని తేమ చూడకుండా దించేశారు. ఎందుకు చూడలేదు? తేమ మీటర్ మేనేజర్ గదిలో ఉంది, గదికి తాళం. తాళం ఎందుకు? ఒకసారి మీటర్ పాడైతే గేటు దగ్గర కుర్రాడి జీతంలో కోశారు, అప్పట్నుంచి దాన్ని ముట్టుకునేవాడు లేడు. ఇప్పుడు చెప్పండి, నూకకి కారణం హమాలీయా?

ఏం చెయ్యాలి: మీటర్ గేటు దగ్గర పెట్టండి, వాడడం ఇద్దరు ముగ్గురికి నేర్పండి, పాడైతే కంపెనీ ఖర్చు అని అందరి ముందూ చెప్పండి. ఇంకోటి, సార్వా కోతల టైములో తుపాను వాన పడి లారీలు వరసకట్టినప్పుడు ఓనర్ ఒక్క రాత్రి గేటు దగ్గర నిలబడాలి. టయోటాలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఒనో ఇంజనీర్లని నేల మీద సుద్దముక్కతో గీసిన వలయంలో నిలబెట్టి గంటల తరబడి చూడమనేవాడని చెబుతారు. ఏసీ గదిలో సీసీ కెమెరా చూడడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, పైగా కెమెరా పెట్టిన రోజు నుంచి జనం ఇంకా జాగ్రత్తగా దాస్తారు.

స్టాక్ తగ్గించమన్నారు, తగ్గిస్తే లైన్ ఖాళీ

ధాన్యం సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండుసార్లే వచ్చేది, గోడౌన్‌లో నిల్వ ఉండక తప్పదు. దాన్ని కూడా వృథా కింద రాసేవాడు డెల్టాని చూడలేదనే అనుకోవాలి. మీరు తగ్గించాల్సింది లోపల, బల్లకీ బల్లకీ మధ్య పేరుకునే సరుకు. రొయ్యల్లో అయితే మరీ, ఐసు కరిగే కొద్దీ కిలోకి రేటు కరుగుతుంది. గ్రేడింగ్ వాళ్ళు తమ టన్నుల లెక్క కోసం దూకుడుగా తోసేస్తారు, పీలింగ్ దగ్గర క్రేట్లు పేరుకుంటాయి. లెక్క విడివిడిగా కాకుండా ఫ్రీజర్‌లోకి మంచి సరుకు ఎంత వెళ్ళిందన్నదాని మీద పెట్టండి. చెరువు పట్టుబడుల వరస ముందురోజు సాయంత్రమే రైతులతో మాట్లాడుకుంటే, అన్ని వ్యాన్లూ ఒకేసారి గేటు ముందు నిలబడవు.

5ఎస్ (ప్రతి వస్తువూ దాని చోట, శుభ్రంగా ఉంచే పద్ధతి) ఆడిట్ రోజు దాకానే

ఎందుకంటే గీతలు గీసింది ఆఫీసువాళ్ళు. బస్తాల కొక్కెం ఎక్కడ తగిలించాలో హమాలీని అడగండి, గీత అతని చేతే గీయించండి. అంతే.

సలహాల డబ్బా ఖాళీ

ఎందుకు: పని తేలికయ్యే ఉపాయం చెబితే తన పక్కవాడి ఉద్యోగమే పోతుందని మనిషికి తెలుసు. టయోటాలో కూడా ఇది పుస్తకంలోంచి రాలేదు. 1950లో కంపెనీ దివాలా అంచుకి వెళ్ళి మనుషుల్ని తీసేసింది, సమ్మె జరిగింది, అధ్యక్షుడు కీచిరో టయోడా రాజీనామా చేశాడు. యాజమాన్యం, యూనియన్ పరస్పర నమ్మకం మీద ఉమ్మడి ప్రకటన రాసుకుంది 1962లో. అంటే పన్నెండేళ్ళు పట్టింది.

ఏం చెయ్యాలి: మెరుగుదల వల్ల ఎవర్నీ తీసెయ్యబోమని ముందే మాటివ్వండి. సీజన్ అయ్యాక పని తగ్గడం వేరు, దాన్ని దీనితో కలపకుండా విడిగా, నిజాయితీగా చెప్పండి. డబ్బా తీసి పక్కన పడెయ్యండి, పెన్ను పట్టని చేతులు చాలా ఉంటాయి, షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాలు నిలబడి నోటితోనే అడగండి. ఎవరో "బల్ల ఎత్తు తక్కువండి, నడుం పట్టేస్తోంది" అంటే, కమిటీ వెయ్యకుండా ఆ సాయంత్రమే బల్ల కాళ్ళ కింద దిమ్మలు పెట్టించండి. చెయ్యలేని సలహా అయితే ఎందుకు చెయ్యలేమో చెప్పిన మనిషికే వారంలోగా చెప్పండి.