అలమరలోని సరుకులతో అరగంటలో రాత్రి భోజనం

పని ముగించుకుని ఇంటికి చేరాక ఏం వండాలో తేల్చుకోవడానికి పావుగంట, లేని సరుకు తెచ్చుకోవడానికి మరో అరగంట పోతే, వంట మొదలుపెట్టే సమయానికి ఓపిక అడుగంటుతుంది. అప్పుడే చేయి బయటి భోజనం వైపు పోతుంది, ఖర్చూ పెరుగుతుంది. నిజానికి బియ్యం, పప్పు, శనగలు, పాస్తా, ఉల్లిపాయలు, వెల్లుల్లి, నూనె, గుడ్లు ఇంట్లో ఉంటే అరగంటలో కడుపు నిండా తినగలిగే వంట సిద్ధమవుతుంది. అందుకు వందల వంటకాలు తెలియనక్కరలేదు. పనులను ఏ వరుసలో చేయాలో, ఎందుకలా చేయాలో తెలిస్తే చాలు.

వంటింట్లోకి వెళ్లగానే, ఏం వండాలో ఇంకా నిర్ణయించుకోకపోయినా సరే, ముందు ఎసరు పెట్టాలి. అన్నానికైనా, పప్పుకైనా, పాస్తాకైనా మరిగే నీళ్లు కావాలి, వంటలో చాలా సమయం మింగేది కూడా నీళ్లు కాగడమే. గిన్నె మీద మూత తప్పనిసరిగా పెట్టాలి. మూత లేకపోతే వేడి ఆవిరితో పాటు పోతుంది, గ్యాసూ సమయమూ రెండూ వృథా అవుతాయి. ఆ నీళ్లు కాగేలోపు ఉల్లిపాయలు తరుగుతూ అలమరలో ఏముందో చూసుకుంటే నిర్ణయం దానంతట అదే జరిగిపోతుంది.

భోజనం కుదరాలంటే నాలుగు ఉండాలి: కడుపు నింపే ధాన్యం, బలాన్నిచ్చే పప్పు లేదా గుడ్డు, నూనెలో వేగి సువాసననిచ్చే ఉల్లి, వెల్లుల్లి వంటివి, చివరగా కాస్త పులుపు. ధాన్యాలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లోని ఒక భాగం) తక్కువగా ఉంటుంది, పప్పు దినుసులలో మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువగా ఉంటుంది. రెండూ తింటే ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. అవి ఒకే పూట కంచంలో కలవాలన్న నియమం కూడా లేదు, రోజు మొత్తం మీద రెండూ తింటే సరిపోతుంది. చౌకగా తినడమంటే పోషణ తగ్గించుకోవడమని అనుకునేవారికి ఈ విషయం గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

వారంలో ఒక్క వంటే నేర్చుకుంటానంటే నేను ఎర్రపప్పునే చూపిస్తాను. మైసూరు పప్పు అని కూడా పిలిచే ఈ పప్పుకు పొట్టు ఉండదు, గింజ చిన్నది, పైగా రెండుగా చీలి ఉంటుంది కాబట్టి నీరు త్వరగా లోపలికి చేరి, నానబెట్టకుండానే, కుక్కర్ లేకుండానే పదిహేను ఇరవై నిమిషాలలో మెత్తబడుతుంది. ముగ్గురికి ఒక కప్పు పప్పు కడిగి, మూడు కప్పుల మరిగే నీళ్లలో చిటికెడు పసుపుతో వేసి, పొంగిపోకుండా మూత వారగా పెట్టి సన్నని మంట మీద ఉంచాలి. టమాటా గానీ నిమ్మరసం గానీ ఈ దశలో వేయకూడదు. గింజలోని కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పులుపు త్వరగా కరగనివ్వదు కాబట్టి పప్పు మెత్తబడడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది.

పక్క పొయ్యి మీద చేసే పనిలోనే ఈ వంట రుచి అంతా ఉంది. రెండు ఉల్లిపాయలను సన్నగా, వీలైనంత ఒకే మందంలో చీల్చి, మూడు చెంచాల నూనెలో, మధ్యస్థమైన మంట మీద, చిటికెడు ఉప్పు చల్లి వేయించాలి. ఉప్పు ఉల్లిలోని నీటిని బయటికి లాగుతుంది కనుక మొదటి ఐదు నిమిషాలు ముక్కలు చిటపటలాడుతూ మెత్తబడి అద్దంలా మారతాయి. ఆ తరువాత చప్పుడు తగ్గుతుంది. తేమ పోయిందనడానికి అదే గుర్తు. ముక్కల అంచులు ముందు బంగారు రంగుకు తిరిగి, ఆ రంగు మెల్లగా లోపలికి పాకుతుంది. ఇక్కడి నుంచి గరిటె ఆపకూడదు, గిన్నె అడుగున అంటుకుంటున్నట్లు కనిపిస్తే ఒక చెంచా నీళ్లు చల్లి గీకాలి, ఎందుకంటే అడుగున పట్టిన ఆ గోధుమరంగు పూతలోనే రుచి ఉంటుంది. మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది, అంటే పప్పు ఉడకడానికి పట్టే సమయమే. ఆఖరి నిమిషంలో తరిగిన వెల్లుల్లి, అర చెంచా జీలకర్ర, ఒక ఎండుమిర్చి వేయాలి. వెల్లుల్లిని ముందే వేస్తే ఉల్లి వేగేలోపు అది మాడి చేదెక్కుతుంది. తరువాత ఒక టమాటా తరుగు వేసి నూనె పైకి తేలేదాకా మగ్గించి, మెత్తబడిన పప్పులో కలిపి, ఉప్పు సరిచూసి, దించాక నిమ్మరసం పిండాలి.

అంత ఓపిక లేని రోజున ఉల్లిని సగంలో దించేయడం కంటే అసలు వేయకపోవడమే మేలని నా అభిప్రాయం. వెల్లుల్లి, ఎండుమిర్చి రెండింటినే నూనెలో ఒక నిమిషం వేయించి పప్పు మీద పోస్తే అది వేరే రుచి, కానీ నిండైన రుచి. సగం వేగిన ఉల్లి మాత్రం పచ్చివాసనతో వంటనంతా పాడుచేస్తుంది.

శనగల విషయంలో ముందుచూపు కావాలి. ఎండు శనగలు డబ్బా శనగల కంటే చాలా చౌక, ఒక కప్పు ఎండు గింజలు ఉడికాక రెండున్నర నుంచి మూడు కప్పులవుతాయి. సెలవు రోజున ఎక్కువ మొత్తంలో నానబెట్టి, నానబెట్టే నీళ్లలో చిటికెడు వంటసోడా వేసి, మర్నాడు ఆ నీళ్లు వంపి ఉడికించి, ఒక్కొక్క పూటకు సరిపడే భాగాలుగా ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారమంతా డబ్బా తెరిచినంత సులువుగా వాడుకోవచ్చు. ఉడికించిన నీటిని పారబోయవద్దు. శనగలలో సగం మెదిపి, ఆ నీళ్లలోనే వేయించిన ఉల్లి, వెల్లుల్లి కలిపి మరిగిస్తే, వేరే పిండి అవసరం లేకుండానే చిక్కని సూప్ అవుతుంది. రాజ్మా వాడేవారు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి: పచ్చి రాజ్మాలో కడుపును తీవ్రంగా పాడుచేసే లెక్టిన్ అనే ప్రోటీన్ ఉంటుంది కాబట్టి, కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు, వీలైతే అరగంట, తెర్లేలా మరిగించి, ఆ తరువాతే మంట తగ్గించి మెత్తగా ఉడికించాలి. మొదటి నుంచీ సన్నని మంట మీద ఉడికిస్తే ఆ విషం పోదు. డబ్బాలో వచ్చేవి ముందే ఉడికినవి కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

పాస్తా ఇంకా త్వరగా అయిపోతుంది. లీటరు నీటికి సుమారు పది గ్రాముల ఉప్పు వేసి ఉడికించి, ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే తీయాలి. వార్చే ముందు ఒక కప్పు నీళ్లు తప్పకుండా పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ నీటిలోకి దిగిన పిండి పదార్థమే నూనెను, నీటిని కలిపి సాస్‌గా మారుస్తుంది. సన్నగా తరిగిన వెల్లుల్లిని నూనెలో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి, పాస్తానూ, ఆ నీటిలో సగాన్నీ పోసి మంట మీద కలియబెడితే ప్రతి పోగుకూ పూత పడుతుంది. ఒక పిడికెడు శనగలు జత చేస్తే అదే పూర్తి భోజనం.

నిన్నటి అన్నం మిగిలి ఉంటే గుడ్లు చాలు. చల్లబడిన అన్నం పొడిపొడిగా విడుతుంది కనుక వేపుడుకు అప్పుడే వండిన అన్నం కంటే అదే బాగుంటుంది. గుడ్లను ముందుగా విడిగా వేయించి తీసి, అన్నం బాగా వేడెక్కాక చివర్లో కలిపితే గట్టిపడకుండా మెత్తగా ఉంటాయి.

సరుకులు కొనేటప్పుడు బియ్యం, పప్పులు ఎక్కువ మొత్తంలో తీసుకోవడం లాభమే కానీ, పొడి చేసిన మసాలాలు మాత్రం చిన్న ప్యాకెట్లలోనే కొనాలి. నెలలు గడిచేకొద్దీ వాటి వాసన పోతుంది, వాసన పోయిన మసాలా ఎంత చౌకగా వచ్చినా నష్టమే. కొత్తగా తెచ్చినవాటిని వెనక, పాతవాటిని ముందు సర్దాలి. ఉల్లిపాయలను గాలి ఆడే పొడి చోట, బంగాళాదుంపలకు దూరంగా ఉంచితే త్వరగా మొలకెత్తవు. నిమ్మకాయలు ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు నిలుస్తాయి.

మిగిలిన వంటలో అన్నం పట్ల ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషంలో ఒక రకం తిరిగి వేడిచేసినా నశించదు. అందుచేత మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, గంటలోపు చల్లార్చి, 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండే ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచాలి. మర్నాటికల్లా వాడేయాలి, తినేటప్పుడు లోపలిదాకా పొగలు వచ్చేలా ఒక్కసారి మాత్రమే వేడిచేయాలి.