నోటి ఇంగ్లీషు, 9వ పాఠం: చెత్తకో ఉచ్చారణ, వద్దనడానికో ఉచ్చారణ

పోయిన పాఠంలో తొందరపడ్డాను. మాట పేరైతే (నామవాచకం) ఊనిక, అంటే గట్టిగా నొక్కి పలికే చోటు, ముందు, పనైతే (క్రియ) వెనక అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరేమో నన్ను నమ్మి రిపోర్ట్, కంట్రోల్, రిప్లై అన్నిటికీ అదే సూత్రం తగిలించారు. తప్పు నాదే. ఈ మూడింటికీ ఎప్పుడూ వెనకే నొక్కాలి. ఆన్సర్, విజిట్, కామెంట్‌లకు ఎప్పుడూ ముందే. రికార్డ్, ఆబ్జెక్ట్, పర్మిట్ లాంటివే మారతాయి. ఏది మారుతుందో చెప్పే సూత్రం కోసం వెతక్కండి, విని పట్టుకోవాల్సిందే.

ఇవాళ్టి మాట రెఫ్యూస్ (refuse). పేరుగా ఇది చెత్త. బ్రిటన్‌లో చెత్త ఎత్తే బండి రెఫ్యూస్ లారీ. 'రెఫ్యూస్ కలెక్షన్' అని మొదటిసారి చదివినప్పుడు, వసూలుకు ఎవరో ఒప్పుకోవడం లేదనుకున్నాను! పనిగా అయితే రిఫ్యూజ్, అంటే నిరాకరించడం. స్పెల్లింగ్ ఒకటే. ఇది ఊనిక మారే మాటే, పేరుకు ముందు, పనికి వెనక; ఆ సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నా.

నాకు చిరాకు తెప్పించేది రిఫ్యూజ్‌లో ఆ చివరి శబ్దం. అది జీతంలో జ కాదు. జున్నులో జ కొంచెం దగ్గరే కానీ, అక్కడ నాలుక తగిలి గాలి ఆగుతుంది. ఇక్కడ ఆగకూడదు. 'స్‌స్‌స్' అని సాగదీయండి. ఆపకుండా గొంతు కలపండి. తుమ్మెద మోత వచ్చిందా? అదే. గొంతు మీద వేలు పెడితే అదురు తెలుస్తుంది. చెత్తకు ఆ అదురు ఉండదు. ఇంకో మాట: బస్సు, కారు అన్న అలవాటులో చివర ఉకారం చేర్చి 'రిఫ్యూజు' అనకండి. మాట ఆ మోతతోనే ముగియాలి.

ఎంతకీ కుదరకపోతే నా అడ్డదారి: రిఫ్యూజ్‌లో ఊ సాగదీయండి, రెఫ్యూస్‌లో కురచగా తెంచండి. వినేవాళ్లకు సగం పని దాంతోనే అయిపోతుంది.

యూస్, యూజ్ కూడా ఇంతే. ఎక్స్‌క్యూస్, ఎక్స్‌క్యూజ్ అంతే. హౌస్ అంటే ఇల్లు, హౌజ్ అంటే చోటివ్వడం. అడ్వైస్, అడ్వైజ్‌లకు మాత్రం స్పెల్లింగే దారి చూపిస్తుంది, మొదటిదానికి సీ, రెండోదానికి ఎస్.

అభ్యాసం: 'వియ్ రిఫ్యూజ్ టు టచ్ ది రెఫ్యూస్' అని పలకండి. తర్వాత ఆ రెండు మాటలనే కలగాపులగంగా 20 సార్లు ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంట్లో ఒకరికి వినిపించి, ఏది చెత్తో ఏది వద్దనడమో చెప్పమనండి. 18 సరిపోయేదాకా 10వ పాఠం తెరవకండి.